రీలోడ్ కొట్టు!

తుపాకీ గొట్టం ఆమె మెడకు చల్లగా తగిలింది.

"అరిచావో... నీ మొగుడి మొహం మళ్లీ చూడవ్!"

ఆ గొంతు! ఆమె చటుక్కున గుర్తుపట్టింది.

బావగారు!

భర్తకు తోడబుట్టిన అన్న. భర్తకూ తనకూ ఈ పని నేర్పిన గురువు.

బయట చీకటి పడుతోంది. సర్వర్ గదిలో ఫ్యాన్ల హోరు. ఎదురుగా ఒకే పెట్టె. అందులో బోలెడు వర్చువల్ ఫైర్‌వాల్స్... దొంగలు చొరబడకుండా ఒక్కో ఆఫీసుకు ఒక్కో గోడ. ఆసుపత్రి గోడకు ఎవరో కన్నం వేశారు. రోగుల రికార్డులన్నీ దొంగల పాలయ్యాయి. కన్నం పడింది ఆమె భర్త లాగిన్‌తో. అందుకే ఆయన లాకప్‌లో ఉన్నాడు.

ఆసుపత్రి గోడ సెట్టింగుల్లో ఇప్పుడే దొరికింది ఆమెకు, కన్నం వేసిన ఆ లైన్. కన్నం ఎవరింటికి దారి తీస్తోందో అందులోనే ఉంది... బావగారి ఇంటి ఇంటర్నెట్ నంబర్!

"సొంత తమ్ముణ్ణి ఇరికించడానికి చేతులెలా వచ్చాయండీ?"

"నోర్ముయ్! ఆసుపత్రి ఫైర్‌వాల్ రీలోడ్ కొట్టు. నువ్వు పిలిచిన ఇన్‌స్పెక్టర్ వచ్చేలోపు!"

"కొట్టను."

తుపాకీ క్లిక్‌మంది.

"ఆ లైన్ నేను సేవ్ చెయ్యలేదు. సేవ్ చెయ్యనిది నీటి మీద రాత! రీలోడ్ చేస్తే సేవ్ చేసిన ఫైలే లోడవుతుంది. కన్నమూ ఉండదు, నా నంబరూ ఉండదు. కొట్టవే!"

నిజమే. ఆ లైన్ పోతే భర్తను కాపాడే ఆధారం పోయినట్టే.

తుపాకీ మెడలోకి ఇంకా గట్టిగా గుచ్చుకుంది. ఆమె రీలోడ్ అని టైప్ చేసింది. ఛీ! ఇలాంటివాడికా ఇన్నాళ్లూ వంగి దండాలు పెట్టింది?

ఎంటర్!

ఆసుపత్రి కనెక్షన్లన్నీ టపటపా తెగిపోయాయి. బల్ల మీద ఫోన్ మోగుతోంది... ఆసుపత్రి నుంచే.

"ఎత్తకు!"

ఫైల్ లోడవుతోంది... తెర మీద ఒక్కో లైనూ పైకి పాకుతోంది... బావగారు వెకిలిగా నవ్వుతున్నాడు...

నవ్వు ఆగిపోయింది!

ఆ లైన్... మళ్లీ అక్కడే ఉంది! అతని ఇంటి నంబరుతో సహా!

"ఎవరే సేవ్ చేసింది?"

ఆమెకు అప్పుడు వెలిగింది. డ్యూటీ దిగేముందు పెట్టెలోని గోడలన్నీ ఒకేసారి సేవ్ చేస్తే గానీ తన భర్తకు అన్నం సయించదు. ఎవరెంత వెక్కిరించినా మానడు. కన్నం పడ్డ సాయంత్రమూ చేసే ఉంటాడు... అన్న వేసిన కన్నంతో సహా!

"మీ తమ్ముడే బావగారూ! ఆయన చాదస్తమే!"

"చెరుపు! ఇప్పుడే చెరుపు!"

ఆమె కీబోర్డును విసురుగా అతని ముందుకు తోసింది. భయం ఎటు పోయిందో పోయింది. ఒళ్లు మండిపోతోంది.

"నువ్వే చెరుపుకో. నీ పేరుతో లాగిన్ అయి మరీ! అదీ రికార్డులో పడుతుంది!"

తలుపు ధడధడలాడింది.

"పోలీస్! తలుపు తియ్యండి!"

బావగారి కళ్లు ఎర్రబడ్డాయి. తుపాకీ ఆమె మీంచి తెర మీదికి తిరిగింది.

ఢాం!

తెర భళ్లున పగిలింది. అదే ఊపులో తలుపు ఊడిపడింది. ఇన్‌స్పెక్టర్ అతని మీదికి దూకి నేలకు అదిమేశాడు.

ఆమె ఒంటి మీది గాజు పెంకులు దులుపుకుంటూ అతని మొహం మీదికి వంగింది.

"పగిలింది తెరే బావగారూ... ఫైల్ పెట్టెలో ఉంది!"