గోరువెచ్చని ఉప్పునీళ్లు

ఆ ఇంట్లో తెల్లారిందనడానికి గుర్తు తుమ్ములు. ఒకటి కాదు, వరసపెట్టి వచ్చేవి. పక్కింటివాళ్లు అలారం పెట్టుకోవడం ఎప్పుడో మానేశారని వీధిలో నవ్వుకునేవారు. ఆ తుమ్ములు టైలరువి. పెళ్లికి ముందు నుంచీ గుడ్డ కత్తిరిస్తూ, మిషను తొక్కుతూ, నూలు దుమ్ము పీలుస్తూ బతికిన మనిషి. కొలతలు తీసుకుంటుండగా తుమ్ము వచ్చేలా ఉంటే టేపు మెళ్లో వేసుకుని గుమ్మం బయటికి పరిగెత్తేవాడు. అలా ఆయనకి 'తుమ్ముల టైలరు' అన్న పేరు స్థిరపడిపోయింది. ఆయనా దానికి నొచ్చుకోలేదు. బట్ట బాగా కుదిరితే చాలు, ఏ పేరైతేనేం అనేవాడు.

ఆయన భార్య స్కూలు వ్యాను నడుపుతుంది. పిల్లలందరికీ ఆవిడ 'వ్యానాంటీ'. ముక్కుసూటి మనిషి. బెల్టు పెట్టుకోకపోతే హెడ్మాస్టరు కొడుకైనా సరే బండి కదపదు. ఒక్కగానొక్క కూతురు పెళ్లి చేసుకుని నాలుగు వీధుల అవతలే కాపురం ఉంటోంది. మొత్తం మీద చల్లగా సాగే సంసారం. లోటల్లా ఒక్కటే, ఆవిడకి నిద్ర.

ముక్కు దిబ్బడతో ఆయన రాత్రంతా నోటితోనే గాలి పీల్చేవాడు. ఆ గురకకి కిటికీ రెక్కలు అదిరేవి. ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుంది, హాల్లో పడుకుంది, చివరికి వంటింట్లో చాప వేసుకుంది. గోడలు దాటి వచ్చేదానికి గది మారితే ఏం లాభం? ఏళ్ల తరబడి ఓర్చుకుంది. వయసు మీద పడ్డాక ఒళ్లు ఒప్పుకోవడం మానేసింది.

ఒకరోజు ఉదయం సిగ్నలు దగ్గర వ్యాను ఆగింది. ఆవిడ కళ్లు ఎప్పుడు మూతపడ్డాయో ఆవిడకే తెలీదు. వెనక సీట్లోంచి ఒక చిన్నపిల్ల భుజం తట్టి, "ఆంటీ, పచ్చ లైటు పడింది" అంది. ఆ పూట పిల్లల్ని బడిలో దింపాక బండి పక్కకి ఆపి మొహం కడుక్కుంది. ఆగి ఉన్న బండిలో కాబట్టి సరిపోయింది. నడుస్తున్న బండి అయితే?

సాయంత్రం వెళ్లి ఆయన్ని దుకాణంలోంచి లేపి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఇది దుమ్ము వల్ల వచ్చిన ఎలర్జీ అనీ, మందులతో పాటు రోజూ ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవాలనీ డాక్టరు చెప్పాడు. కుళాయి నీళ్లు పనికిరావు, కాచి చల్లార్చి గోరువెచ్చగా ఉన్నప్పుడే వాడాలి. బేసిను మీదికి వంగి, తల పక్కకి తిప్పి, నోటితో గాలి పీలుస్తూ పై ముక్కురంధ్రంలో పోస్తే కింది రంధ్రంలోంచి వచ్చేస్తాయి. చెంబు కూడా శుభ్రంగా ఉండాలి. ఆయన బుద్ధిగా అన్నింటికీ తలూపాడు.

అప్పటినుంచి ఆవిడ పొద్దున్నే నీళ్లు కాచి, చల్లార్చి, ఉప్పు పొట్లం కలిపి, కొమ్ముచెంబులో పోసి పెట్టేది. ఆయన చెంబు పట్టుకుని బాత్రూములోకి వెళ్లి గడియ పెట్టుకునేవాడు. తుడుచుకుంటూ బయటికొచ్చి, హాయిగా ఉందనేవాడు. గురక మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. నెల గడిచింది. ఆవిడ డాక్టరుని తిట్టుకుంది, ఉప్పుని తిట్టుకుంది. ఆఖరికి కూతురితో మాట్లాడి, రాత్రిళ్లు వాళ్లింట్లో పడుకుంటానంది. కూతురు వెంటనే ఒక గది సర్దేసింది.

ఆ మాట ఆయనకి చెప్పినప్పుడు ఆయన చొక్కాకి కాజా కుడుతున్నాడు. తలెత్తకుండానే, సరే, నీ నిద్ర ముఖ్యం అన్నాడు. వద్దని ఒక్కమాట అంటాడేమోనని చూసింది. అనలేదు. గురక కన్నా ఆ 'సరే' ఎక్కువ బాధపెట్టింది ఆవిడని.

వెళ్లాల్సిన ఆదివారం రానే వచ్చింది. కూతురు పొద్దున్నే బండి మీద వచ్చి తీసుకెళతానంది. ఆవిడ బట్టలు సర్దుకుని, కాఫీ కలుపుదామని వంటింట్లోకి వెళ్లేసరికి గిన్నెలో నీళ్లు కాచినవి కాచినట్టే ఉన్నాయి. నిద్రమత్తులో చెంబులో పోయడం మరిచిపోయింది. ఉప్పు పొట్లం కూడా విప్పలేదు. అప్పుడే ఆయన ఖాళీ చెంబుతో బాత్రూములోంచి వచ్చాడు.

"కడుక్కున్నారా?" అని మామూలుగా అడిగింది.

"ఆఁ, హాయిగా ఉంది."

"దేంతో కడుక్కున్నారు?"

ఆయన చెంబులోకి చూశాడు. గిన్నె వైపు చూశాడు.

"నెల నుంచీ నా చెవిలో పువ్వు పెడుతున్నారన్నమాట" అంది ఆవిడ. గొంతు పెద్దది చేయలేదు. "రోజూ నీళ్లు తూముపాలు చేసి, నన్ను మాత్రం ఇల్లు దాటిస్తున్నారు. నేను పోతే మీకు ఇంత సులువా?"

సులువు కాదన్నాడాయన. మరేమిటని నిలదీసింది. బద్ధకమా, మొండితనమా, నా మాటంటే లెక్కలేదా అని అడుగుతూ పోయింది. ఆయన కుర్చీలో కూలబడి, చెంబుని రెండు చేతులతో తిప్పాడు.

"భయం" అన్నాడు చివరికి.

చిన్నప్పుడు ఈత నేర్పిస్తానని వాళ్లన్నయ్య కాలవలోకి తోశాడట. ముక్కులోకి, నోట్లోకి నీళ్లు వెళ్లి ఊపిరి ఆగిపోయింది. ఎవరో జుట్టు పట్టి లాగారు. ఆనాటినుంచి మొహం మీద నీళ్లు పడితే ప్రాణం పోతున్నట్టే ఉంటుంది. మొదటిరోజు నిజంగానే చెంబు ఎత్తాడు, కొమ్ము ముక్కుకి తగలగానే నీళ్లు పారబోసేశాడు. ఇంత వయసొచ్చి, చెంబెడు నీళ్లకి భయపడుతున్నానని పెళ్లానికి ఎలా చెప్పుకోవడం?

ఆయన మొహం మీద చెంబుతో నీళ్లు పోసుకోగా ఆవిడ ఒక్కసారీ చూడలేదు. తడి తువ్వాలుతో తుడుచుకోవడం ఆయన వాటం అనుకుంది. వానలో ఎప్పుడూ తల వంచుకునే నడిచేవాడు. ఇన్నేళ్లు ఒక కప్పు కింద ఉండి, కళ్లెదుట ఉన్నది చూడలేదే అనిపించి కళ్లు చెమర్చాయి.

ఆయన చేతిలోని చెంబు తీసుకుని కడిగి, నీళ్లు మళ్లీ గోరువెచ్చగా చేసి ఉప్పు కలిపింది. ఆయన్ని బేసిను దగ్గరికి తీసుకెళ్లి, తలుపు బార్లా తెరిచి పెట్టింది. ఒక చెయ్యి వీపు మీద వేసింది.

"చెంబు మీ చేతిలోనే ఉంటుంది. వద్దనుకుంటే దించేయండి. నోరు తెరిచి ఊపిరి తీసుకోండి. అది ఎవరూ ఆపరు."

మొదటిసారి దించేశాడు. రెండోసారీ దించేశాడు. ఆవిడ చెయ్యి తియ్యలేదు, తొందర పెట్టలేదు. మూడోసారి కళ్లు గట్టిగా మూసుకుని కొమ్ము ఆనించాడు. నీళ్లు ఒక పక్క నుంచి వెళ్లి రెండో పక్క నుంచి ధారగా బేసినులో పడ్డాయి. ఆయన కళ్లు తెరిచి, ఆ ధారని వింతగా చూశాడు. మంట లేదు, ఉక్కిరిబిక్కిరి లేదు. చెంబు దించి ముక్కు చీదుకుని, నోరు మూసుకుని ఒక్కసారి నిండుగా గాలి పీల్చాడు.

సరిగ్గా అప్పుడే కూతురు వచ్చింది. తండ్రి మొహమంతా తడి, తల్లి మొహమూ తడే. కంగారుపడి ఏమైందని అడిగింది. నాన్నకి ఊపిరి ఆడుతోందమ్మా అంది తల్లి నవ్వుతూ. సంగతంతా విన్నాక కూతురు తండ్రి భుజానికి తల ఆనించింది. గది సర్ది పెట్టాను కదా, ఏం చేయమంటావని తర్వాత అడిగితే, ఇంకో నెల చూద్దామంది తల్లి.

ఆయన ఆ మాటలు వింటూ చెంబు కడిగి బోర్లించాడు. తువ్వాలు మడత పెడుతూ భార్యకేసి చూశాడు.

"రేపు కూడా పక్కన నిలబడతావా?"

"నిలబడక ఎక్కడికి పోతాను" అందావిడ.