జిల్‌జిల్ బావ

స్వరూప నాతో మాట్లాడిన మొదటి మాట, "నీ మైకుల మన్ను వడ!"

ఆ మాటలో కొంచెం ప్రేమ కూడా ఉందని నాకప్పుడు తెలియదు. ఆమె ఇప్పటికీ ఒప్పుకోదు.

గద్వాలలో మాది జమ్ములమ్మ మైక్ సెట్. పెళ్లిళ్లు, జాతరలు, ఎలక్షన్లు... ఎవరు పిలిస్తే వాళ్ల గొంతు పెంచడం మా పని. 2009లో మాకు పెద్ద బేరం తగిలింది. జిల్‌జిల్ అనే కూల్‌డ్రింకు కంపెనీ వాళ్లు టీవీలో 'జిల్‌జిల్ పాటల బండి' అని ఒక ప్రోగ్రాం నడిపేవాళ్లు. బంగ్లాదేశ్ పడవ పాటలవాళ్లను, రాజస్థాన్ ఎడారి పాటలవాళ్లను తీసుకొచ్చి గిటార్ల పక్కన నిలబెట్టి పాడించేవాళ్లు. రెండో సీజన్‌కి వాళ్ల కన్ను మా పాలమూరు మీద పడింది. హైదరాబాద్ నుంచి వచ్చే ఆ బండికి లోకల్ సౌండ్ నేనే. ఊళ్లలో ప్రచారం కూడా నేనే.

ఆ ప్రచారానికే పెబ్బేరు సంతకు వెళ్లాను. పశువుల మధ్యలో హారన్ కట్టి, "హలో, మైక్ టెస్టింగ్" అన్నానో లేదో, దాని కిందే ఉన్న ఒక ఎర్ర కోడె తాడు తెంపుకుంది. ఉల్లిగడ్డల కుప్ప దాటి, మిరపకాయ బజ్జీల బండిని పక్కకు నెట్టి, హైవే దాకా ఉరికింది. దాన్ని కొనడానికి బేరమాడుతున్నాయన తువ్వాలు దులుపుకొని, "గిసొంటి బెదురు కోడె నాకొద్దు" అని వెళ్లిపోయాడు.

అప్పుడే వినబడింది ఆ మొదటి మాట.

"నీ మైకుల మన్ను వడ! పసులున్న కాడ గట్ల మొత్తుకుంటరా?"

"నేను మొత్తుకోలే. టెస్టింగ్ చేసిన."

"నీ టెస్టింగుల మా కోడె ఫెయిలైంది. పో, పట్కరా!"

పట్టుకొచ్చాను. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది, అది వేరే సంగతి. ఆమె పక్కన తండ్రి జంగయ్య నిలబడి ఉన్నాడు. ఆయన చూసిన చూపుకు నా ఆంప్లిఫయర్ కాలిపోవాల్సింది. కానీ తాడు నా చేతిలోంచి అందుకుంటూ స్వరూప నవ్వింది. తండ్రికి కనబడకుండా, కోడె మెడ చాటున. తిట్టిన మనిషి ఎందుకు నవ్విందో తెలియక నేను గద్వాల దాకా పరేషాన్ అయ్యాను.

మళ్లీ కనబడింది ఖిల్లా ఘణపూర్‌లో. పాటల బండి అక్కడే ఆగింది, కోట గుట్ట కింద. పాడేది రుక్కమ్మ బృందం, అంటే ఆ చుట్టుపక్కల పెళ్లిళ్లలో పాటలు పాడే ఆడవాళ్లు. ముందు గొంతు రుక్కమ్మ మనవరాలిది. ఆ మనవరాలు స్వరూప.

"అగో, మైకు పిలగాడు! నువ్వు ఈడ గూడ తయారా?"

"కోడె బాగుందా?"

"బాగుంది. నువ్వు నోరు తెరవనంతసేపు."

రిహార్సల్స్ మొదలయ్యాయి. స్వరూప మైకు స్టాండు ఎత్తు సరిచేయడం నా పని. నేను పైకి లేపితే ఆమె కిందికి దించేది, నేను దించితే లేపేది. డైరెక్టర్ శ్రవణ్ కుమార్‌కు ఇదేమీ పట్టేది కాదు. ఆయనకు అన్నీ 'ఆథెంటిక్'గా కనిపించేవి, మా జనరేటర్ పొగతో సహా.

రుక్కమ్మవ్వ మాత్రం అన్నీ చూసేది. ఒకరోజు నన్ను పిలిచి నా పుట్టుపూర్వోత్తరాలు అడగడం మొదలుపెట్టింది.

"మీ అమ్మ పేరేంది బిడ్డా?"

"అంజమ్మ. తల్లిగారిది పెబ్బేరు, అవ్వా."

"పెబ్బేరుల ఎవరి బిడ్డ?"

"లింగయ్య బిడ్డ."

అవ్వ కళ్లు మూసుకుని వేళ్ల మీద ఏదో లెక్కేసి, "అయితే స్వరూపకు బావ వరసైతవ్‌లే" అని తేల్చేసింది. గ్లాసులో నీళ్లు తాగుతున్న స్వరూపకు పొలమారింది. నాకు ఆ పూట అన్నం సయించలేదు, అంత సంతోషం.

ఆ సంతోషం మర్నాటికే మోటార్ సైకిలెక్కి వెళ్లిపోయింది. సరిగా చెప్పాలంటే, మోటార్ సైకిల్ మీద వచ్చినవాడు తీసుకెళ్లాడు. వాడి పేరు మద్దిలేటి. నాగర్‌కర్నూల్ సంబంధం. నల్ల కళ్లద్దాలు నీడలో కూడా తీయడు. జంగయ్య వాడికి కుర్చీ వేయించాడు. నాకు ఏనాడూ కూర్చోమని రాయి కూడా చూపించలేదు.

సాయంత్రం వైర్లు చుడుతూ స్వరూపను అడిగేశాను. "నాగర్‌కర్నూల్ సంబంధం నీకిష్టమేనా?"

"నీకెందుకు?"

"సౌండోళ్లకు అన్నీ ఇనపడాలె."

ఆమె నవ్వలేదు. "ఇంట్ల నన్ను ఎవ్వరు అడగలే. అడిగితే గద, ఇష్టమో కాదో చెప్పేది."

చుట్టిన వైరే మళ్లీ చుట్టాను. ఆమె అంటే నాకు ఇష్టమని అప్పుడు చెప్పి ఉండొచ్చు. మైకు లేకపోతే నాకు గొంతు పెగలదు.

ఇక పాట సంగతి చెప్పాలి. పెళ్లిలో అందరూ కలిసి కూర్చునే బువ్వ బంతిలో మగపెళ్లివారిని ఆటపట్టిస్తూ పాడే పాట అది.

*బువ్వ బంతిల గూసున్న బావెవరే?*
*బూరెలన్ని జేబుల దోసిన బావెవరే?*
*అడిగితే చెప్పడే, అలిగిండే,*
*వాడే మా... బావే!*

ఆ ఖాళీలో ఒక పేరు పెట్టాలి. దానికో కట్టుబాటు ఉంది. పిల్లనివ్వగల వరసవాడి పేరే పెట్టాలి. పెళ్లికాని పిల్ల పాడితే పెళ్లైన బావల పేర్లే పెట్టాలి. పెళ్లికాని వాడి పేరు పెట్టిందంటే, ఆ పేరును మిగతా ఆడవాళ్లు అందుకున్నారంటే, ఇక లగ్గం మాట్లాడుకోవలసిందే. అందుకే స్వరూప ఎప్పుడూ అక్క మొగుడు కృష్ణయ్య పేరే పెట్టేది.

షూటింగ్ రోజు కంపెనీ సారు ఏసీ కారు దిగి పాట విన్నాడు. "బాగుంది. కానీ కృష్ణయ్య మా స్పాన్సర్ కాదు కదా! అక్కడ జిల్‌జిల్ అని పెట్టండి."

"సీసకు పిల్లనిస్తరా సార్?" అంది స్వరూప.

"జస్ట్ బ్రాండింగ్ అమ్మా."

రుక్కమ్మవ్వ సీసాను అటూ ఇటూ తిప్పి చూసింది. "దీని తల్లిదండ్రులెవరు నాయినా?"

మద్దిలేటి కుర్చీలోంచే చెయ్యెత్తాడు. "నా పేరు పెట్టుండ్రి. ఎట్లయినా లగ్గమైతది గద. టీవీల వస్తది."

జంగయ్య తలూపాడు. "గట్లనే కానియ్యి బిడ్డా."

గుట్ట వెనక మబ్బు కమ్ముతోంది. డైరెక్టర్‌కు కంగారెత్తింది. "మీకిష్టమైన పేరు పెట్టి ఒక టేక్ చేయండి. జిల్‌జిల్‌తో సేఫ్టీకి ఇంకోటి తీద్దాం. వానొచ్చేలోపు కావాలి!"

గిటార్ మోగింది. డ్రమ్ము అందుకుంది. జనరేటర్ తీగకు ఒక అతుకు ఉంది. అది ఊడకుండా కాపలా కాయడం నా డ్యూటీ. స్వరూప పాట ఎత్తుకుంది. కెమెరాను చూడలేదు, కళ్లద్దాలనూ చూడలేదు. నన్నే చూస్తోంది. వాల్యూమ్ తక్కువైందని సైగ చేస్తోందనుకుని, అంతా ఓకే అని బొటనవేలు చూపించాను.

"వాడే మా గద్వాల మధు బావే!"

మధు అంటే నేనే.

ఆడవాళ్లు అలవాటు ప్రకారం అందుకున్నారు. "మధు బావే, మధు బావే!" రుక్కమ్మవ్వ కూడా పాడేసి, అప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను ఎగిరి లేచాను. తీగ కాలికి చుట్టుకుంది. అతుకు ఊడింది. జనరేటర్ ఒంటరిగా దడదడలాడుతుంటే రికార్డింగ్ కంప్యూటర్ చడీచప్పుడు లేకుండా ఆరిపోయింది.

"సేవ్ కాలేదు!" శ్రవణ్ కుమార్ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "టేక్ మొత్తం పోయింది!"

జంగయ్య ముఖం వెలిగింది. "రికార్డు గాలే గద! అయితే ఏం గానట్లే. పేరు మార్చి పాడు బిడ్డా."

మద్దిలేటి కళ్లద్దాలు సర్దుకున్నాడు. కంపెనీ సారు సీసా ఎత్తి పట్టుకున్నాడు. జీవితంలో ఒక్కసారి నా పేరు ఒక అమ్మాయి నోట పాటగా వస్తే, దాన్ని నా కాలితో నేనే తెంపేశాను. ఆమె ఇప్పుడు పేరు మార్చినా తప్పు పట్టకూడదని మనసుకు చెప్పుకున్నాను. మనసు వినలేదు.

స్వరూప నాయనమ్మ వైపు తిరిగింది. "అవ్వా, కంపూటర్ల ఎక్కకుంటే పాడనట్లేనా?"

"మన పాటలు ఏనాడు కంపూటర్ల ఎక్కినయే? పాడింది పాడినట్లే. కని ఒక్క మాట అడుగుతున్న, చెప్పు. ఎవరి పేరు పెట్టబుద్ధైతుంది నీకు?"

ఆ పిల్లను అడగడం అదే మొదలు. స్వరూప కళ్లు తుడుచుకుంది.

"అయ్యా, ఎర్ర కోడెను అమ్మనీకి తోల్కపోతుంటే దావ పొడుగునా ఏడ్చిన. చిన్నప్పటి సంది నేను పెంచిన కోడె. నువ్వు ఇనలే. గీ మైకు మొత్తుకున్నదానికి కొనేటోడు పోయిండు, కోడె ఇంటికొచ్చింది."

"వాడు తెలిసి చేసిండానే?"

"తెల్వక చేసిందే గింత మంచిగైతే, తెలిసి ఇంకెంత మంచిగ చేస్తడో!"

జంగయ్య నన్ను చూశాడు, చిరిగిన ప్యాంటు దగ్గర్నుంచి పైదాకా. "కోడె ఇప్పుడు దుక్కిల మంచిగనే నడుస్తుంది" అన్నాడు గొణుగుతూ. "కని ఒక్క షరతు. పెండ్లిల మైకు పెట్టొద్దు. నా పసులు బెదురుతయి."

మైక్ సెట్ వాడి పెళ్లిలో మైకు లేదు! నేను అక్కడే ఆయన కాళ్లకు మొక్కాను. తీగ ఇంకా నా కాలికే ఉంది.

"మరి సేఫ్టీ టేక్?" అన్నాడు కంపెనీ సారు.

"పేరు మార్చి పాడితే అది ఇంకో పెండ్లైతది నాయినా" అంది అవ్వ.

"అదే పేరైతే ఎన్నిసార్లైనా పాడ్త సార్" అంది స్వరూప, నన్ను చూడకుండా. పాడింది కూడా. చివరి మాటకు వాన అందుకుంది. అందరూ టార్పాలిన్ కిందికి ఉరికారు. మద్దిలేటి కళ్లద్దాలు తుడుచుకుంటూ, "కోరస్‌లనన్న నా పేరు పెట్టకపోతిరి" అని డైరెక్టర్‌ను బతిమాలుతూ కనిపించాడు.

ఎపిసోడ్ వచ్చిన రోజు మా వీధంతా మా ఇంట్లో టీవీ ముందు కూర్చుంది. కోట, మబ్బు, గిటార్, స్వరూప. ఆ చోటు వచ్చింది. పెదాలు స్వరూపవే, ఎవరిదో అరువు గొంతు పలికింది: "వాడే మా జిల్‌జిల్ బావే!"

మా అమ్మ అదిరిపడి నన్ను చూసింది. "ఏందిరా, ఆ పిల్ల సీసను చేసుకుంటుందా?"

అప్పటినుంచి గద్వాలలో నన్ను మధు అని పిలిచేవాడు లేడు. కిరాణా కొట్టులో, బస్టాండులో, జమ్ములమ్మ గుడి దగ్గర... ఎక్కడైనా జిల్‌జిల్ బావనే.

పెళ్లి మైకు లేకుండానే జరిగింది. ఎర్ర కోడెకు కూడా పసుపు రాశారు. ఇంటికి వచ్చాక మా చెల్లెలు కావ్య గడపలో అడ్డం నిలబడింది.

"వదినా, మా అన్న పేరు చెప్తేనే లోపలికి."

ఊరందరి ముందు, కెమెరాల ముందు పాడిన పిల్లకు ఇప్పుడు సిగ్గు ముంచుకొచ్చింది. తల దించుకుంది.

"మైకు తెమ్మంటవా?" అన్నాను చెవిలో.

మోచేత్తో ఒక్కటి పొడిచి, గొంతులోనే చెప్పింది.

"ఇనపడలే వదినా! ఇంకోపారి."

"ఆ టేక్ సేవ్ కాలే" అన్నాను నేను.

స్వరూప తలెత్తి నన్ను చూసింది. పెబ్బేరు సంతలో కోడె మెడ చాటున నవ్విన నవ్వే, ఈసారి ఏ చాటూ లేకుండా.

"అదే పేరు గద, చెప్త" అని, వీధి చివరిదాకా వినబడేలా చెప్పింది.