రహ్మూనా కప్పల పెట్టె

"నీ పంజరంలోంచి నా కప్ప పారిపోయింది. దీనికేం చెప్తావు?"

నాకు గుర్తున్న రహ్మూనా మొదటి మాట అది. పంజరం తెచ్చి నా బల్ల మీద దభీమని పెట్టింది.

త్లెమ్సెన్ ఊళ్ళో నేను పాటపిట్టల పంజరాలు చేసేవాణ్ణి. బడికి మూడేళ్ళే వెళ్ళాను. కర్ర చెక్కడం వచ్చు, మాట్లాడ్డం రాదు.

"కప్పకని చెప్పలేదుగా," అన్నాను.

"పిట్టకని మాత్రం చెప్పానా?"

వాళ్ళ నాన్న చెర్రీ తోట కాపలాదారు. తోట బావి దగ్గర ఆమెకి ఇంకో చెట్టుకప్పా, ఓ లావుపాటి గోదురుకప్పా దొరికాయట.

"ఈసారి రెండు గదులు పెట్టు. ఒకే గదిలో ఉంచితే గోదురు చిన్నదాన్ని మింగేస్తుంది," అంది.

కింది గదిలో తడిమట్టి, బోర్లించిన కుండపెంకు. పై గదిలో ఆకుల కొమ్మ. పుల్లల బదులు సన్నజాలీ. చేసి తోటకి తీసుకెళ్ళాను. పిట్టల పంజరం లాగే ఎండ పడే గోడకి తగిలించాను.

"వేపుడు చేస్తావా ఏంటి!" అని అరిచి, దాన్ని నీడలోకి మార్చి నీళ్ళు చిలకరించింది.

చచ్చిన ఈగలు వేశాను. గోదురు వాటి వంక చూడలేదు.

"కదలనిది దాని కంటికి ఆనదయ్యా," అని పకపకా నవ్వింది.

మాంసం ముక్కని దారానికి కట్టి ఊపాను. టక్కున నాలుక చాచి లాక్కుంది. రహ్మూనా చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం జేబులో దారంతో తోటకి వెళ్ళేవాణ్ణి. వాళ్ళమ్మ కాఫీ ఇచ్చేది.

"నువ్వు మాట్లాడితే పన్ను వేస్తారా గౌతీ?" అనేది రహ్మూనా.

"లేదు."

"అబ్బో, ఇవాళ ఒక మాట!"

చలి మొదలైంది. గోదురు మట్టిలోకి దూరి పడుకుంది.

"దీనికింక తిండి అక్కర్లేదు. మరి నువ్వెందుకు వస్తావు?" నా కళ్ళలోకే చూస్తూ అడిగింది.

"అది లేచాక వస్తాను," అన్నాను.

లేచాక మా అమ్మని పంపి పిల్లనడుగుదామని నా ఉద్దేశం. ఎవరికీ చెప్పలేదు. ఆమెకీ చెప్పలేదు.

ఫిబ్రవరిలో ఒరాన్ పట్నం నుంచి, పిల్లనడగడానికి తెచ్చే చక్కెర దిమ్మలు పట్టుకుని ఇంకొకరి అమ్మ వచ్చింది. మాట ఖాయమైంది.

మార్చిలో గోదురు లేచింది. రహ్మూనా పెట్టె తెచ్చి నా బల్ల మీద మెల్లగా పెట్టింది.

"ఒరాన్‌లో మూడో అంతస్తు. గుప్పెడు మట్టి కూడా ఉండదు. నువ్వే పెంచు."

"సరే," అన్నాను.

కాసేపు నిలబడింది. నేను చిత్రిక పడుతూనే ఉన్నాను. వెళ్ళిపోయింది.

చెట్టుకప్ప నాలుగేళ్ళు బతికింది. గోదురు పదకొండేళ్ళు. నేను పెళ్ళి చేసుకోలేదు.

పోయిన ఏడాది చలికాలం ముందు ఒక ముసలామె మనవడికి పంజరం కొనడానికి వచ్చింది.

"దీంట్లోంచి కప్ప పారిపోదు కదా?" అంది.

గొంతు మారలేదు. మొగుడు పోయి రెండేళ్ళయిందట. అటక మీది ఖాళీ పెట్టె చూసింది. దాని కింద గోడమేకుకి ఇంకా ఆ దారం వేలాడుతోంది. దాన్ని వేలితో మెల్లగా ఊపింది.

ఉలి కింద పెట్టాను.

"ఆ ఏడు మా అమ్మని పంపుదామనుకున్నాను. గోదురు లేచాక అని ఆగాను. అసలు నీ కంట్లో పడ్డానని కూడా అనుకోలేదు. కదలని మనిషిని కదా."

దారం ఊగడం ఆగింది.

"నేనేమన్నా కప్పనా గౌతీ? కదలకపోయినా కనిపించావు. ఒరాన్ వాళ్ళకి మాటివ్వకుండా మా నాన్నని ఇరవై రోజులు ఆపాను. రోజూ గేటు వైపే చూశాను."

బయట చినుకులు మొదలయ్యాయి. బస్సుకి టైమైందంది. పంజరం నేనే మోశాను. స్టాండు దగ్గరే.

"మెల్లిగా నడువయ్యా," అంది. ఇద్దరం తడిశాం.

బస్సు కదిలాక అద్దం వెనక నుంచి వేలు ఊపింది, దారం ఊపినట్టు.

మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.