కొట్టి చూడని స్తంభాలు

ఆ పాత కోల్డ్ స్టోరేజిలో పెద్ద గదికి మంచి పేరు లేదు. ఎప్పుడో ముసలి కాపలాదారు ఒకడు లోపల ఉండగానే, చూసుకోకుండా తలుపు వేసేశారట. తెల్లవార్లూ మూడేసి దెబ్బలు కొట్టాడట పాపం... ఎవరూ తియ్యలేదు. చీకటి పడితే ఆ చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుందని అనేవారు.

ఆ కట్టడాన్ని కూలగొట్టకుండా, ఉన్న గోడలూ స్తంభాలూ ఉంచుకుని, పైన రెండంతస్తులు లేపి ఆఫీసు చెయ్యాలనుకున్నారు. మంచి ఆలోచనే. కానీ పాతదాని మీద కొత్త బరువు పెట్టేముందు దాన్ని ఒక మాట అడగాలి. అడగడమంటే — ప్రతి స్తంభాన్నీ సుత్తితో మూడుసార్లు కొట్టి వినడం. గట్టిదైతే ఖంగుమంటుంది. లోపల చెడితే డొల్లగా పలుకుతుంది. బాగున్నదాని మీద సుద్దతో టిక్కు పెడతారు.

స్తంభాలు నలభై ఎనిమిది. ఇంజనీరు నలభై కొట్టాడు. చెయ్యి నొప్పెట్టింది. పెద్ద గదిలో ఉన్న మిగతా ఎనిమిదింటికీ కొట్టకుండానే టిక్కులు పెట్టేశాడు.

అక్కడి మేస్త్రీ అతనికి సొంత మేనమామ. ఇదంతా నాకు చెప్పింది ఆయనే.

"అన్నీ కొట్టి చూశావా లేదా?"

"చూశాను మావయ్యా. రేపు పైపని మొదలెట్టుకో."

"నీ మాట మీద రెండొందల మంది కూర్చుంటారురా పైన."

"ఇన్నేళ్ళొచ్చినా నీకు అనుమానం పోలేదు!" అని నవ్వేసి, వాచ్‌మన్‌తోనూ వేళాకోళమాడాడు. "రాత్రి లోపల్నుంచి తలుపు కొడితే తియ్యకు. ముసలాయన చలికి వణుకుతుంటాడు, నీ దుప్పటి లాక్కుంటాడు!"

చీకటి పడ్డాక గుర్తొచ్చింది... సుత్తి ఆ పెద్ద గదిలోనే మర్చిపోయాడు. వాచ్‌మన్ భోజనానికి వెళ్ళాడు. ఒక్కడే లోపలికి వెళ్ళి సుత్తి అందుకున్నాడో లేదో — వెనక తలుపు మూసుకుంది.

తోశాడు. కదల్లేదు. భుజం పెట్టి తోశాడు... జానెడు మందం తలుపు. కిటికీ లేదు. ఫోనుకి సిగ్నల్ లేదు.

సుత్తితో తలుపు కొట్టాడు. మూడు దెబ్బలు — ఆగి, మళ్ళీ మూడు.

బయట అడుగులు దగ్గరికొచ్చాయి... ఆగాయి. తర్వాత పరుగెత్తుకుంటూ పోయాయి.

తన వేళాకోళం తన మెడకే చుట్టుకుందని అర్థమై అక్కడే కూలబడ్డాడు. ఫోను వెలుతురులో ఎదురుగా ఆ ఎనిమిది టిక్కులు. తన అబద్ధాన్ని తానే చూస్తూ కూర్చోవడం కంటే మనిషికి వేరే శిక్ష అక్కర్లేదు. ఎంతసేపని చూస్తాడు? లేచి, సుత్తి తీసుకున్నాడు.

ఒకటి... ఖంగుమంది. రెండు... మూడు... ఏడూ గట్టివే. చివరిది —

డొబ్.

అరచేత్తో ఆ టిక్కును తుడిచాడో లేదో, వెనక తలుపు కిర్రుమంది.

మేస్త్రీ! ఆయన చొక్కా పట్టుకుని వెనకాలే వాచ్‌మన్.

"మావయ్యా... చివరిది డొల్ల. నీకు అబద్ధం చెప్పాను. రేపు పని ఆపు."

మేస్త్రీ వెళ్ళి ఆ స్తంభాన్ని తానూ ఒకసారి తట్టి చూశాడు. "ఆపుతాను," అన్నాడు.

ఇంజనీరు వాచ్‌మన్ వైపు తిరిగాడు. "గడియ నువ్వే వేశావు కదూ?"

"నేనా! అసలు తలుపు ముట్టుకుంటే ఒట్టు సార్!"

మేస్త్రీ భుజాన ఉన్న సంచిలోంచి తుప్పుపట్టిన ఇనపగడియ తీసి, వెలుతురులో పెట్టాడు.

"గడియ ఎక్కడిదిరా? కొత్త ఆఫీసు తలుపుకి పనికొస్తుందని మధ్యాహ్నమే ఊడదీశాను... నేనిప్పుడు ఒక్క వేలితో లాగితే వచ్చేసింది."