చల్లటి కరెంటు పెట్టె

ఓబుళమ్మ కొత్త పెట్టె మీద అరచెయ్యి ఆనించింది. కాల్లేదు. అక్కడే మొదలైంది అనుమానం.

హిందూపురం పక్కన పట్టుదారం తీసే షెడ్డు ఆమెది. పాత పెట్టె దగ్గరికి పోతే మొహం మాడేది. ఒకపక్క గోబర్ గ్యాసు, ఒకపక్క గాలి పంపితే, మధ్యలో సిరామిక్ పొరలోంచి ఆక్సిజన్ దాటుకుని పోయి కరెంటు పుట్టేది. మంట లేదు, పొగ లేదు. కాకపోతే ఆ పొర పని చెయ్యాలంటే ఎనిమిది వందల డిగ్రీలు కాగాల. ఆ సెగనే గొట్టంతో పక్క గదిలోకి మళ్లించి, తలుపు మూసి, వారం పాటు పట్టుగూళ్లు ఆరబెట్టేది ఓబుళమ్మ. గూట్లో పురుగు ఆ సెగకు చావాల. చావకపోతే రెక్కలొచ్చి సీతాకోకచిలుకై గూడు తొలుచుకుని బయటికొస్తుంది. ఇంక ఆ గూట్లో దారం రాదు. ఈ పంట గూళ్లన్నీ ఇప్పుడా గదిలోనే ఉన్నాయి.

"పొరను బాగా పల్చగా చేసినాం పెద్దమ్మా," అంది పెట్టె తెచ్చిన సైంటిస్టు మృణాళిని. "నాలుగు వందల యాభైకే పని చేస్తుంది. బయటికి పోయే వేడిని కూడా మళ్లీ లోపలికే తిప్పుకుంటుంది. గ్యాసు సగం చాలు."

"మరి గది?"

"గది వెచ్చగానే ఉంటుంది లెండి."

మరిది చౌడప్ప పెట్టె చుట్టూ ఒక తిరుగు తిరిగినాడు. "వదినా, ఫ్రిజ్జు తెచ్చి పొయ్యంటాంది ఈయమ్మ. కరెంటు స్తంభానికి దొంగ కొక్కెం తగిలించి ఉంటాది, చూస్కో."

మృణాళిని నవ్వి, షెడ్డుకొచ్చే లైను వైరు వాళ్ల ముందరే పీకేసింది. లైట్లు ఆరలేదు. ఓబుళమ్మ నమ్మలేదు. సెగ లేని పొయ్యి మీద కూడు ఉడకడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"భూమిలో ఇంకో వైరుంటాది, తవ్వు," అని చౌడప్ప చేతికి పార ఇచ్చింది.

వారమంతా వాళ్ల కాపలా కరెంటుకే. ఒకరు స్తంభం కింద, ఒకరు పెట్టె ముందర. షెడ్డు చుట్టూ గుంతలైతే పడినాయి గానీ వైరు దొరకలేదు.

చివరికి ఓబుళమ్మే దిగొచ్చింది. "కరెంటు నిజమేనమ్మా. అనుమానపడినా, ఏమనుకోవద్దు." ఆ మాటంటూనే గూళ్లు తియ్యడానికి గది తలుపు తెరిచింది.

తట్టల నిండా తెల్లటి చిలుకలు. ఎగరలేక రెక్కలు టపటప కొట్టుకుంటూ, ఓటి గూళ్ల మీద జతలు కట్టి తిరుగుతున్నాయి. ఆ వెచ్చదనం వాటికి పుట్టింటి మాదిరి కుదిరింది.

మృణాళిని గొట్టం పట్టుకుని చూసింది. గోరువెచ్చగా ఉంది.

చెంగు మీదికి పాకిన చిలుకనొకదాన్ని తీసి తట్టలో పెట్టింది ఓబుళమ్మ.

"పెట్టె మంచిదేనమ్మా," అంది. "దీన్ని రవ్వంత చెడగొట్టి ఇస్తావా?"