డాబ్నీ దొరగారి రైఫిల్ పెట్టె

పెట్టె తెరిచారు. రైఫిల్ లేదు.

దాని చోట ఒక ఇనప పైపు ఉంది. ఆకుపచ్చ రంగు పెచ్చులూడిన పాత పైపు.

1996 ఆగస్టు 13, మంగళవారం. మధ్యాహ్నం 12:40. బహ్రెయిన్ ఎయిర్‌పోర్టు కార్గో తనిఖీ గది.

12:55కి పోలీసులొచ్చారు. ఒంటిగంటకల్లా దొంగను చూపించేశారు. అయిదు నిమిషాల్లో! ఎలాగంటారా? ఆ గదిలో అందరికంటే మురికి చొక్కా ఎవరిదో చూశారు. అంతే.

ఆ చొక్కా అబ్బులుది. సల్మాబాద్‌లోని అల్ మిస్మార్ ప్యాకింగ్ కంపెనీలో ప్యాకర్. రాజోలు దగ్గరివాడు. పెట్టెకు చుట్టూ చెక్కలు కొట్టి, వ్యాన్‌లో తోడు వచ్చింది వాడే. చూపించిన మహానుభావుడు వాడి మేనేజర్ రామ్‌ప్రసాద్. టై కట్టుకుంటాడు. ఆగస్టులో, బహ్రెయిన్‌లో, రేకుల షెడ్డులో టై కట్టుకునే మనిషి బుర్ర ఎలాంటిదో వేరే చెప్పాలా?

2:10కి జ్ఞానదాసు వచ్చాడు.

జ్ఞానదాసు ఇన్సూరెన్సు కంపెనీ సర్వేయర్. సరుకు పోయినా, పగిలినా, తడిసినా ఎందుకలా జరిగిందో తేల్చడం ఆయన డ్యూటీ. పూర్వం నరసాపురంలో సబ్ ఇన్‌స్పెక్టర్. ఆదివారం తెలుగు ఫెలోషిప్‌లో ప్రార్థన చేస్తాడు. మిగతా ఆరు రోజులూ మనుషుల్ని నమ్మడు.

కేసు చూస్తున్న పోలీసు కెప్టెన్ ఆయనకు తెలిసినవాడే. గడియారం చూపించాడు.

"నాలుగింటికి ఇతన్ని స్టేషన్‌కి తీసుకెళ్తాను. తుపాకీ మాయమైంది. ఊళ్లో అల్లర్లు జరుగుతున్నాయి, రోజులు బాగాలేవు. ఈ కేసు తేలిగ్గా పోదు. ఏళ్ల తరబడి శిక్ష పడుతుంది."

"పెట్టె యజమాని?"

"రాత్రి 8:20 ఫ్లైట్‌కి లండన్. అతను బాధితుడు. ఆపడానికి నా దగ్గర కారణం లేదు."

అబ్బులు బెంచీ మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన పోలీసు. జ్ఞానదాసు ముందు వాడి దగ్గరికే వెళ్లాడు.

"తీశావా?"

"ఆయ్! నాకెందుకండి బాబూ తుపాకీ? కాకిని కొట్టడం కూడా రాదండి నాకు."

"పెట్టె నీ చేతికి ఎప్పుడొచ్చింది?"

"తొమ్మిది ఇరవైకండి. పదీ నలభైకి చెక్కలు కొట్టడం అయిపోయిందండి."

"షెడ్డులో ఇంకెవరున్నారు?"

"ఎవళ్లూ లేరండి. అందరూ సనాబిస్‌లో ఇల్లు ఖాళీ చెయ్యడానికి పోయేరు."

"తాళంచెవులు?"

"దొరగారు కవర్లో పెట్టి నాకే ఇచ్చేరండి. చెక్క మీద అంటించమన్నారు. అంటించేను."

జ్ఞానదాసు నిట్టూర్చాడు. గంటా ఇరవై నిమిషాలు. ఒంటరిగా. తాళంచెవులతో సహా. ఉరితాడు కూడా ఇంత చక్కగా పేనరు.

"పెట్టె ఎత్తినప్పుడు ఏమైనా అనిపించిందా?"

"అనిపించిందండి! లోపలేదో దొర్లింది. సార్‌తో చెప్పేను కూడానండి. దొరగారి సామాను, నీకెందుకురా, యల్లా, కానియ్, మేకులు కొట్టు అన్నారు." చొక్కా అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. "నన్ను జైల్లో పెట్టేస్తారాండి? నేనిక్కడున్నానని ఇంట్లోవాళ్లకి చెప్పేవాళ్లు కూడా లేరండి."

"ఏడవకు. ఏడిస్తే తప్పు ఒప్పుకున్నాడంటారు వీళ్లు."

2:25. రామ్‌ప్రసాద్.

"రైఫిల్‌ని నువ్వు చూశావా?"

"ఇదేం ప్రశ్నండీ? ఇన్‌స్పెక్షన్ ఫారం చూడండి. 9:05. సీరియల్ నంబరు సరిపోయింది. నా సంతకం."

"ఫారం సంగతి కాదు. రైఫిల్ సంగతి అడుగుతున్నాను."

"చూశానండీ!"

"లోడ్ అయి ఉందా?"

"లేదు. పద్ధతి ప్రకారం చెక్ చేశాను. బోల్ట్ చక్కగా మూసి ఉంది. పూర్తిగా సేఫ్."

"నంబరు ఎటువైపు ఉంది?"

"కుడి... కుడివైపు. ఏమిటండీ, నన్ను దొంగని అడిగినట్టు అడుగుతున్నారు? దొంగ అక్కడ కూర్చున్నాడు."

"మీ ఊరివాడేగా?"

"మాది అమలాపురం టౌనండీ. వీడిది ఎక్కడో లంక." టై సర్దుకున్నాడు. "ఇలాంటివాళ్ల వల్లే ఇక్కడ తెలుగువాళ్ల పరువు పోతోంది."

తెలుగువాళ్ల పరువంతా ఈయన టైలోనే ముడేసి ఉన్నట్టు! జ్ఞానదాసు నోట్‌బుక్‌లో ఒక్క ముక్క రాసుకున్నాడు. బోల్ట్ మూసి ఉంది.

2:40. డాబ్నీ దొరగారు.

యాభై ఏళ్లు. ఎర్రటి మెడ. ఒక రైఫిల్ క్లబ్బుకు సెక్రటరీ. కుర్రాళ్లకు తుపాకీ జాగ్రత్తల గురించి ఉపన్యాసాలిస్తాడు. అడక్కుండానే జ్ఞానదాసుకూ ఒకటి ఇచ్చాడు.

"సొంత రైఫిల్‌ని దేశం దాటించాలంటే ఓ పద్ధతుంది, మిస్టర్ దాస్. ఇక్కడి లైసెన్సు, పోలీసుల ఎగుమతి పర్మిట్, మా దేశం అనుమతి, ఎయిర్‌లైన్ ముందుగా ఒప్పుకున్న ఉత్తరం. నాలుగూ నా ఫైల్లో ఉన్నాయి. గొట్టం ఖాళీ. పెట్టెలో ఒక్క తూటా లేదు. బోల్ట్ నిన్న రాత్రే ఊడదీసి, గుడ్డలో చుట్టి, పెట్టెలోనే వేరే అరలో పెట్టాను. బాధ్యత గల యజమాని అలా చేస్తాడు."

బోల్ట్ అంటే తూటాను గొట్టంలోకి తోసి మూసే ఇనప కడ్డీ. అది లేని రైఫిల్ చేతికర్రతో సమానం.

"రైఫిల్‌ని ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"ఈ ఉదయం ఆరుకి. నూనె రాసి, తుడిచి, నా చేత్తో పెట్టాను."

"తాళంచెవులు యజమాని దగ్గరే ఉండాలనేది కూడా పద్ధతేగా. కవర్లో పెట్టి ఎందుకిచ్చారు?"

"కస్టమ్స్ వాళ్లకి సౌకర్యంగా ఉంటుందని."

ఎంత మంచి మనసో! దొంగ చేతికి తాళాలిచ్చి ఇంట్లో దొంగలు పడ్డారని అరిచే మంచితనం.

"దొంగ బోల్ట్‌ని వదిలేశాడు, గమనించారా? రైఫిల్ తీసినవాడు బోల్ట్ ఎందుకు తియ్యలేదు?"

"చదువురాని కూలీ. బోల్ట్ అంటే ఏమిటో వాడికేం తెలుసు?" అని దొర నవ్వాడు.

రామ్‌ప్రసాద్ కూడా నవ్వాడు. ఎందుకంటే దొర నవ్వాడు కాబట్టి.

2:55. డాబ్నీ ఇంట్లో పనిచేసే సూర్యావతి అబ్బులు పక్క ఊరిదే. ఫోన్ నంబరు అబ్బులే ఇచ్చాడు. జ్ఞానదాసు కార్గో ఆఫీసులోంచి ఫోన్ చేశాడు.

"అమ్మా, దొర రైఫిల్‌కి నూనె రాయడం ఎప్పుడైనా చూశావా?"

"ఇదివరకు ప్రతి శుక్రవారం రాసేవారండి. డైనింగ్ టేబుల్ మీదే. ఆ వాసనకి నాకు అన్నం సయించేది కాదు."

"ఇదివరకు అంటే?"

"ఏప్రిల్లో స్నేహితుల్తో లాంచీ మీద షికారెళ్లారండి. ఆ తర్వాత మళ్లీ పెట్టె బయటికి తియ్యలేదు. బీరువాకి తాళమేసి చెవి జేబులో వేసుకున్నారు. తుడవడానిక్కూడా ఇవ్వలేదండి."

"ఈ ఉదయం?"

"ఏ వాసనా లేదండి. బాబూ, నా పేరు మటుకు బయటపెట్టకండి. దొర పోతున్నారు గానీ, కొత్త ఇంట్లోవాళ్లు ఈయన సిఫార్సు ఉత్తరం చూసే నన్ను పెట్టుకుంటున్నారు."

"నీ పేరుతో నాకు పనిలేదమ్మా."

ఆమె పేరు వాడకూడదు. ఆమె లేకపోతే ఆయన దగ్గరున్నది ఒక అనుమానం. అనుమానాన్ని పోలీసు ఫైల్లో పెట్టలేరు. టైం 3:05.

జ్ఞానదాసు తనిఖీ గదికి తిరిగొచ్చాడు. పైపు బల్ల మీద ఉంది. రెండు గంటల నుంచీ అందరూ దాన్నే చూస్తున్నారు. వేలిముద్రల పొడి చల్లారు. పొడవు కొలిచారు. రెండు చివర్లా ఫోటో తీశారు. డేరా వేసే పైపట, వరసగా మూడు బెజ్జాలున్నాయట. పైపు పడుకున్న పరుపును చూసిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

పెట్టె లోపల బూడిద రంగు స్పాంజి. మధ్యలో రైఫిల్ ఆకారంలో కోసిన పల్లం. జ్ఞానదాసు కళ్లజోడు సవరించుకుని వంగాడు.

చాలాసేపు లేవలేదు.

"ఇదేమైనా చర్చి అనుకున్నారా, మోకాళ్ల మీద వంగడానికి?" అన్నాడు డాబ్నీ.

3:30కి కెప్టెన్ అందర్నీ లోపలికి పిలిచాడు. జ్ఞానదాసే పిలవమన్నాడు. బెంచీ మీది అబ్బులును కూడా.

"కెప్టెన్, ఆ పైపుని మళ్లీ పల్లంలో పెట్టండి. బెజ్జాలు కిందికి ఉండాలి."

చేతి తొడుగులతో కెప్టెన్ పెట్టాడు.

"ఇప్పుడు తియ్యండి. కింద చూడండి."

స్పాంజి మీద పొడుగ్గా ఒక తుప్పు చార ఉంది. ఇటుక రంగు. సరిగ్గా పైపు పొడవు. దానిలో మూడు చోట్ల గుండ్రంగా, తుప్పంటని బూడిద రంగు మచ్చలు. పైపుకున్న మూడు బెజ్జాలకూ, ఆ మూడు మచ్చలకూ వెంట్రుకవాసి తేడా లేదు.

కెప్టెన్ తలెత్తాడు.

"ఇక్కడ గాలి పిండితే నీళ్లు కారుతాయి. ఇనుము తుప్పు పడుతుంది, నిజమే. కానీ గంటలో స్పాంజికి ఇలా అచ్చు పడదు. బ్లేడుతో కోసి చూడండి."

కోశారు. తుప్పు గోరు లోతున ఇంకి ఉంది.

"రైఫిల్ తుప్పే అయ్యుండొచ్చు," అన్నాడు డాబ్నీ.

"నూనె రాసి, తుడిచి పెట్టే బాధ్యత గల యజమాని రైఫిలా? దానికి మూడు బెజ్జాలు కూడానా?"

డాబ్నీ మెడ ఇంకా ఎర్రబడింది.

"ఈ పైపు ఈ పెట్టెలో నెలల తరబడి ఉంది. పెట్టె అబ్బులు చేతిలో ఉన్నది గంటా ఇరవై నిమిషాలు. అంతకు ముందు మీ ఇంట్లో. కనక ఈ ఉదయం ఆరుకి మీరు నూనె రాసింది డేరా పైపుకి."

"అబద్ధం! ఈయన కళ్లతో చూశాడు!" డాబ్నీ రామ్‌ప్రసాద్ వైపు చెయ్యి చాపాడు. "9:05కి రైఫిల్ ఉందని ఈయన సంతకం పెట్టాడు!"

"అవునండీ, పెట్టాను," అన్నాడు రామ్‌ప్రసాద్.

"బోల్ట్ ఎలా ఉందన్నావు నాతో?"

"మూసి... చక్కగా మూసి ఉంది."

"దొరగారేమో నిన్న రాత్రే ఊడదీశానన్నారు. ఆ అరలో గుడ్డలో చుట్టి ఇప్పటికీ ఉంది. పెట్టెలో వేరుగా ఉన్న బోల్ట్ నీకు రైఫిల్‌కి బిగించి ఎలా కనపడింది నాయనా?"

రామ్‌ప్రసాద్ టై ముడి వదులు చేసుకున్నాడు.

"నువ్వు పెట్టె తెరవలేదు. దొరగారు కుర్చీలో కూర్చున్నారు, నువ్వు టీ తెప్పించావు, లైసెన్సులో నంబరు చూసి ఫారంలో ఎక్కించావు. తెల్లదొరని పెట్టె తెరవమని అడగడానికి నీకు నోరు రాదు. అది ఈయనకు తెలుసు. దాన్ని నమ్ముకునే పెట్టె నీ దగ్గరికి తెచ్చాడు."

"పెద్ద కస్టమరండీ..." అని నసిగాడు రామ్‌ప్రసాద్.

"ఆ దొర్లుడు విని నీతో చెప్పాడే, వాడు ప్యాకరు. నువ్వు రబ్బరు స్టాంపువి."

కెప్టెన్ ఇప్పుడు డాబ్నీ ఎదురుగా నిలబడ్డాడు. "రైఫిల్ ఎక్కడుంది? ఏప్రిల్ నుంచీ పడవల రిజిస్టర్లు తిరగేయమంటారా, మీరే చెప్తారా?"

పడవ మాట ఎవరు చెప్పారో డాబ్నీకి అర్థం కాలేదు. జ్ఞానదాసు కెప్టెన్ చెవిన వేసింది ఆ ఒక్క మాటే, మనిషి పేరు లేకుండా. డాబ్నీ కుర్చీలో కూలబడ్డాడు.

"సముద్రంలో," అన్నాడు.

కథ చెప్పాడు. వింటే నవ్వాలో ఉమ్మాలో తెలియదు. లాంచీ మీద స్నేహితులు బీరు తాగుతున్నారు. దొరగారు నీళ్లలో తేలే డబ్బాలను కాల్చారు. ఆట అయ్యాక పద్ధతి ప్రకారం బోల్ట్ తీసి జేబులో వేసుకున్నారు. రైఫిల్‌ని మాత్రం అంచుకి ఆనించారు. అల వచ్చింది. పోయింది. జేబులో బోల్ట్ మిగిలింది. బీరు మత్తులో ఎవరూ చూడలేదు కనక, బరువు తేడా తెలియకుండా అక్కడి డేరా పైపొకటి పెట్టెలో పెట్టేశారు.

"ఆ రోజే ఎందుకు రిపోర్టు చెయ్యలేదు?" అన్నాడు కెప్టెన్.

"క్లబ్బు సెక్రటరీని. జాగ్రత్తల గురించి చెప్పేవాణ్ణి. అందరూ నవ్వుతారని..."

"దేశం వదిలేటప్పుడు లైసెన్సు మీదున్న ఆయుధానికి లెక్క చెప్పాలి కాబట్టి, అది దొంగతనమైనట్టు నాటకమాడారు," అన్నాడు కెప్టెన్.

"ఈ మనిషికి ఏమవుతుందో ఆలోచించలేదు," అన్నాడు డాబ్నీ, అబ్బులు వైపు చూడకుండా.

"ఆలోచించారు," అన్నాడు జ్ఞానదాసు. "అందుకే తాళంచెవులు కవర్లో పెట్టారు. మిమ్మల్ని చూసి నలుగురు నవ్వకుండా ఉండటానికి ఒక మనిషిని జైల్లో పెట్టాలనుకున్నారు. సిగ్గు లేని జన్మ!" ఆ చివరి మాట తెలుగులోనే అన్నాడు. దొరకు అర్థమయ్యే ఉంటుంది.

3:58కి కెప్టెన్ డాబ్నీ పాస్‌పోర్టు జేబులో వేసుకున్నాడు. 8:20 ఫ్లైట్ ఆయన లేకుండానే వెళ్తుంది. ఇన్‌స్పెక్షన్ ఫారం కూడా ఫైల్లోకి వెళ్లింది, దాని మీది సంతకంతో సహా.

అప్పుడు రామ్‌ప్రసాద్ అబ్బులు దగ్గరికొచ్చాడు. పక్కన కూర్చున్నాడు! మురికి చొక్కా టైకి తగిలింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు.

"ఒరే అబ్బులూ, మనమంతా ఒక చోటివాళ్లం. నేను పెట్టె తెరిచి చూడబోయానని, దొర వద్దన్నాడని చెప్పరా. నువ్వు చూశావని చెప్పు. నా ఉద్యోగం పోతుందిరా."

"మీది టౌను కదండీ," అన్నాడు అబ్బులు. "నేను చూడలేదండి. చూడంది చెప్పలేను."

పోలీసు రైటర్ అబ్బులు వాంగ్మూలం ముగించి, కాగితమూ సిరా డబ్బా ముందుకు తోశాడు. అరబ్బీలో పేజీన్నర. అబ్బులుకు తెలుగు అక్షరాలే రావు.

"యల్లా, వేసెయ్," అన్నాడు రామ్‌ప్రసాద్. "వేలిముద్రేగా, ఖలాస్. కంపెనీ బస్సు వెళ్లిపోతుంది."

"ఉండండి సార్." అబ్బులు వేలు వెనక్కి తీసుకున్నాడు. "జ్ఞానదాసుగారూ, ఏం రాశారో నాకు చదివి చెప్పించండి."

రైటర్ విసుగ్గా చూశాడు. కెప్టెన్ చదవమన్నాడు. రైటర్ ఒక్కొక్క వాక్యం ఇంగ్లీషులో చెప్తుంటే జ్ఞానదాసు తెలుగులో చెప్పాడు. అబ్బులు తల వంచి విన్నాడు. మధ్యలో చెయ్యెత్తాడు.

"పెట్టె నా చేతికొచ్చింది తొమ్మిదిన్నరకి కాదండి. తొమ్మిది ఇరవైకి."

"పది నిమిషాలకేముందిరా!" అన్నాడు రామ్‌ప్రసాద్.

"దిద్దమనండి," అన్నాడు అబ్బులు.

దిద్దారు. మొదటి నుంచీ ఇంకోసారి చదివించుకున్నాడు. అప్పుడు వేశాడు వేలిముద్ర.