గురువారం రిపేరు

“ఆగండాగండి! షూస్ బయట విడిచి రండి. లోపల పేషెంట్ ఉన్నారు!”

తలుపు తీసిన అమ్మాయి కంగారులో హిందీ మర్చిపోయి తెలుగులో అరిచింది. లింబాద్రి టూల్ బాక్స్ పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“మీరు తెలుగోళ్ళా మేడం?”

ఆమె నాలుక కరుచుకుంది. “అవునండీ. మీరూనా? అయినా సరే, షూస్ బయటే.”

అతను బూట్లు విప్పాడు. కుడి సాక్సుకి చిరుగు. ఆమె అటు చూసి, నవ్వు ఆపుకోవడానికి గోడవైపు తిరిగింది.

షార్జాకి తూర్పున, సముద్రం ఒడ్డునున్న ఖోర్ ఫక్కాన్ వెనక కొండల్లో రాతి ఇల్లది. ఎనభై ఏళ్ళ పెద్దావిడ అక్కడే పుట్టింది, చలికాలం అక్కడే గడుపుతానని పట్టుబట్టింది. ఆమె ఊపిరితిత్తులు బాగోలేవు, కట్టెల మంట పనికిరాదు. అందుకని దుబాయ్‌లో ఉండే కొడుకు, దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒక యూరప్ ఇంజనీరు దగ్గర పాత పెల్లెట్ స్టవ్ కొని పంపించాడు. పైన డబ్బాలో చెక్కపొట్టు గుళికలు పోస్తే, స్క్రూ ఒకటి తిరుగుతూ వాటిని కొద్దికొద్దిగా మంటలోకి తోస్తుంది. ఒక ఫ్యాను పొగను గొట్టంలోంచి ఇంటి బయటికి లాగేస్తుంది.

షార్జాలో మెయింటెనెన్స్ కంపెనీ వాళ్ళు దాన్ని బాగుచేయమని లింబాద్రిని పంపారు. ఐదేళ్ళుగా ఏసీలు బిగిస్తున్న మనిషి. సొంతూరు నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్ పక్కన. చల్లబెట్టే పనే తప్ప వెచ్చబెట్టే పని ఎన్నడూ ఎరగడు.

“ఏమైతుంది దీనికి?”

“పది నిమిషాలు బానే వెలుగుద్దండి. తర్వాత కీక్ మని అరిచి ఆరిపోద్ది.”

“అరుస్తదా? మీ లెక్కనేనా?”

ఆమె కళ్ళు పెద్దవి చేసింది. “ఏంటండీ?”

“ఏం లేదు మేడం. ఒక కాయితం ఇయ్యుర్రి.”

ఆమె బీపీ చార్టులోంచి ఖాళీ పేజీ చించి ఇచ్చింది. లింబాద్రి స్టవ్ అద్దం తలుపు తెరిచి, కాగితాన్ని సందులో పెట్టి, తలుపు మూసి లాగాడు. కాగితం సులువుగా జారి వచ్చేసింది. నాలుగు వైపులా అలాగే చేశాడు. అడుగున అన్నిటికంటే అధ్వాన్నం.

“గిదీ రోగం. తలుపు చుట్టూత తాడు లెక్క సీలుంటది సూడుర్రి, అది అరిగిపోయింది. బయటి గాలి లోపలికి గుంజుతుంది. మిషినికి సమజై బంద్ అవుతుంది. దుబాయ్ల డేరా బజార్ల దొరుకుతదేమో సూస్త. అప్పటిదాంక టేపేస్త, వారం ఆగుతది.”

టేపు వేశాడు. మంట నిలబడింది. మంచం మీద పెద్దావిడ చప్పట్లు కొట్టి, “ముహందిస్!” అంది. అంటే ఇంజనీరు. లింబాద్రికి ఆ పిలుపు వినగానే ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

“మీ పేరేందో చెప్పలే?”

“హెప్సిబా. హెప్సీ అంటారు. బైబిల్లో పేరు. ఆనందం అని అర్థం.”

“ఆనందమా? మొకంల అయితే కనవడ్తలేదు.”

“మీ పేరు?”

“లింబాద్రి. మా దిక్కు గుట్టమీది దేవుని పేరు.”

“దేవుడైతే సాక్సులు కుట్టించుకోవచ్చుగా,” అని ఆమె తలుపు వేసేసింది.

శనివారం సెలవు రోజు అతను డేరా వెళ్ళాడు. మొదటి దుకాణంలోనే సీలు దొరికింది. తెల్లటి తాడు చుట్ట. బ్యాగులో పెట్టుకుని గురువారం కొండల ఇంటికి చేరాడు.

ఆ రోజు హెప్సీ చేపల పులుసు చేసి ఉంచింది. నర్సాపురం పులుసు, ఖోర్ ఫక్కాన్ చేప. లింబాద్రి రెండోసారి వడ్డించుకుని మరీ “పులుపెక్కువైంది” అన్నాడు. ఆమె గిన్నె లాక్కోబోయింది. పెద్దావిడకి ఒక్క ముక్కా అర్థం కాకపోయినా పకపకా నవ్వింది.

“సీలు దొరికిందా?” అడిగింది హెప్సీ. ఆ తర్వాత, గరిటె కడుగుతూ, మామూలుగా అంది. “దొరికితే ఇంక రారన్నమాట.”

లింబాద్రి చెయ్యి బ్యాగు జిప్పు మీదే ఉంది.

“దొరకలే,” అన్నాడు.

మళ్ళీ టేపు వేశాడు.

అలా మూడు గురువారాలు గడిచాయి. టేపు వేడికి మాడి ఊడేది, హెప్సీ ఫోన్ చేసేది, అతను రెండు బస్సులు మారి వెళ్ళేవాడు. మీరు నువ్వయింది. ఆమె అతని చేత ‘ఉంది’ అనిపించాలని చూసేది, అతను కావాలని ‘ఉన్నది’ అనేవాడు. ఆ ఇంట్లో పెద్దావిడను చూసుకునే పనిలో మార్చికి ఆమెకు రెండేళ్ళు నిండుతాయి. యజమాని అనుభవ పత్రం ఇస్తే పెద్ద హాస్పిటల్లో నర్సు పోస్టుకి అప్లై చేసుకోవచ్చు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతు కాస్త తగ్గించి, ప్రార్థిస్తున్నట్టు చెప్పేది.

నాలుగో గురువారం బయల్దేరుతుంటే ఫోర్‌మన్ హయాత్ బాషా ఆపాడు. కడప మనిషి.

“ఏం రా, ఒక పొయ్యికి ఎన్ని తూర్లు పోతావు? ఆ ముదీర్, అదే మన మేనేజరు, నాకు ఫోన్ చేసి తిట్టినాడు. ఈరోజు ఖలాస్. జాబ్ కార్డు మింద ఓకే రాసిచ్చి రా.”

లింబాద్రి ఆ రోజు కూడా టేపే వేశాడు, ఈసారి బయటికి కనపడకుండా తలుపు లోపలి అంచుకి. కార్డు మీద ‘కొత్త డోర్ సీల్ వేశాను, ఓకే’ అని రాసి సంతకం పెట్టాడు. హెప్సీకీ అదే చెప్పాడు. వారానికి టేపు ఊడుతుంది, ఆమె పిలుస్తుంది, అప్పుడు నిజంగా సీలు వేసి, మనసులో మాట కూడా చెప్పేయాలని అతని ఆలోచన. బస్సు కిటికీ పక్కన కూర్చుని ఆ మాటను మూడు రకాలుగా చెప్పి చూసుకున్నాడు కూడా.

సాయంత్రం పెద్దావిడ కొడుకు ఫోన్ చేసి, స్టవ్ దగ్గర అమ్మకి భయమేమీ లేదుగా అని హెప్సీని అడిగాడు.

“లేదు బాబా. ముహందిస్ కొత్త సీల్ వేశాడు. మంచివాడు, జాగ్రత్తగా చేస్తాడు,” అంది ఆమె.

మంగళవారం మధ్యాహ్నం వాన మొదలైంది. ఏడాదికి నాలుగు రోజులు కూడా పడని వాన. కొండల మీంచి నీళ్ళు పాయలు పాయలుగా దిగుతున్నాయి. పెద్దావిడ చలిగా ఉందంటే హెప్సీ స్టవ్ వెలిగించి, దుప్పటి కప్పి, ఆమెకు నిద్ర పట్టేదాకా కూర్చుంది.

అప్పుడే ఫోన్ మోగింది. గదిలో మాట్లాడితే లేస్తుందని వరండాలోకి వెళ్ళింది.

“వాన పడ్తున్నదా ఆడ?” అన్నాడు లింబాద్రి.

“ఉరుముతుంది కూడా. నర్సాపురంలో ఉన్నట్టుంది తెలుసా! చెయ్యి చాపితే తడిసిపోయింది.”

“ఇంకో చెయ్యి?”

“ఇంకో చేతిలో నువ్వున్నావ్‌గా.”

అనేసి సిగ్గుతో నాలుక కరుచుకుంది. అవతల లింబాద్రి ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకున్నాడు. గురువారం దాకా ఆగనక్కర్లేదేమో, ఇప్పుడే చెప్పేద్దామా అనుకున్నాడు. వాన గురించి, సాక్సుల గురించి, మార్చి గురించి మాట్లాడుకున్నారు. ఇరవై నిమిషాలు.

ఆ ఇరవై నిమిషాల్లో ఎప్పుడో కరెంటు పోయింది. పట్టపగలు, వరండాలో ఉన్న మనిషికి తెలియలేదు. పొగ లాగే ఫ్యాను ఆగింది. లోపల రగులుతున్న గుళికల పొగ గొట్టంలోకి పోలేక, టేపు వదులైన తలుపు సందుల్లోంచి గదిలోకి వచ్చేసింది.

“హెప్సీ, నీకొక మాట చెప్పాలె...”

“ఉండుండు. ఏదో వాసన...”

ఫోన్ నేల మీద పడ్డ చప్పుడు వినిపించింది. తర్వాత అరుపు.

హెప్సీ పెద్దావిడను దుప్పటితో సహా ఈడ్చుకుంటూ వానలోకి తెచ్చింది. అంబులెన్స్ కొండ ఎక్కేసరికి ఇద్దరూ తడిసి ముద్దయి ఉన్నారు. పెద్దావిడ బతికింది. కానీ ఆక్సిజన్ తీస్తే ఊపిరి అందడం లేదు.

కొడుకు దుబాయ్ నుంచి నేరుగా హాస్పిటల్‌కి వచ్చాడు. అరవలేదు. కంపెనీ తనకు పంపిన కార్డు జేబులోంచి తీసి చూపించాడు. “స్టవ్ బాగుంది. ఇదిగో రాసిచ్చారు. తలుపు నువ్వే సరిగ్గా వేసి ఉండవు. పైగా ఆ టైంలో గదిలో లేవు. ఎక్కడున్నావు?”

ఫోన్లో ఉన్నానంటే ఎవరితో అని అడుగుతాడు. లింబాద్రి ఉద్యోగం పోతుందని హెప్సీ భయపడింది.

ఆ సాయంత్రమే ఆమెను షార్జాలో రోలా దగ్గరున్న, ఆమెను పనికి పెట్టిన ఏజెన్సీ గదికి పంపేశారు. అనుభవ పత్రం ఇవ్వనన్నారు.

లింబాద్రికి ఇదంతా ఆమే ఫోన్లో చెప్పింది. ఏడుస్తూ చెప్పింది. “నీ పేరు రానివ్వలేదు. నువ్వు భయపడకు. తలుపు నేనే సరిగ్గా వెయ్యలేదేమో. ఎంత గుర్తుచేసుకున్నా గుర్తు రావట్లేదు.”

అతను “ఊఁ” అన్నాడు.

హయాత్ బాషాకి మాత్రం ఉన్నదంతా చెప్పాడు. ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. “నీ పేరు యాడా రాలేదు కదా? నోరు మూసుకో. నోరు తెరిస్తే నీ వీసా ఖలాస్, నా ఫోర్‌మన్‌గిరీ ఖలాస్.”

మూడు రోజులు లింబాద్రి నోరు మూసుకున్నాడు. పనికి పోయాడు, అన్నం తిన్నాడు. ఆమె ఫోన్ చేసినప్పుడల్లా, తలుపు వేశానా లేదా అని మళ్ళీ మళ్ళీ తనను తానే విచారించుకుంటుంటే విన్నాడు. మూడో రోజు ఆమె అంది, “నేను నర్సుగా పనికిరానేమో లింబాద్రి.”

నాలుగో రోజు అతను హాస్పిటల్‌కి వెళ్ళి పెద్దావిడ కొడుకు ముందు నిలబడ్డాడు. బ్యాగులోంచి తెల్లటి తాడు చుట్ట తీసి బల్ల మీద పెట్టాడు. కవరు కూడా చింపలేదు.

“కార్డు మీద అబద్ధం రాసిన సార్. సీలు నా దగ్గరనే ఉన్నది. నేను ఎయ్యలే. ఆమె తప్పేం లేదు. ఆమెతోని ఫోన్ల మాట్లాడింది గుడ నేనే.” హిందీలో, తడబడుతూ చెప్పాడు.

“ఎన్నాళ్ళుగా ఉంది నీ దగ్గర?”

“నెల రోజులు.”

“ఎందుకు వెయ్యలేదు?”

పెద్దావిడ కొడుకు తాడు చుట్టను వేళ్ళతో తడిమి, గాజు తలుపు అవతల తల్లి ముఖానికున్న ఆక్సిజన్ గొట్టం వైపు చూశాడు. “బయటికి పో,” అన్నాడు. అంతే.

వారంలో లింబాద్రి వీసా రద్దయింది. హయాత్ బాషా అతనితో మాట్లాడటం మానేశాడు. హెప్సీకి కబురు వచ్చింది. పెద్దావిడ కళ్ళు తెరిస్తే ఆమెనే అడుగుతోందట, తిరిగి రమ్మని, పత్రం కూడా ఇస్తామని. లింబాద్రి వచ్చి ఒప్పుకున్న సంగతి కూడా చెప్పారు.

ఆదివారం పొద్దున, రోలా దగ్గర బస్ స్టాండులో, ఖోర్ ఫక్కాన్ బస్సు కోసం నిలబడ్డ హెప్సీ దగ్గరికి లింబాద్రి వెళ్ళాడు. మర్నాడే అతని ఫ్లైటు. ఆమె మొహం పీక్కుపోయి ఉంది.

“ఎందుకు చేశావ్?” అంది.

“నిన్ను సూడనీకి. సీలు ఏస్తే మళ్ళ పిలవవని.”

“అడగొచ్చుగా! ఒక్క మాట అడిగితే ఎక్కడికి రమ్మంటే అక్కడికి వచ్చేదాన్ని. పులుసు ఎవరి కోసం చేశాననుకున్నావ్?”

“కాదంటవని భయమైంది.”

“భయం నీది. ఊపిరాడంది ఆవిడకి.”

లింబాద్రి కళ్ళు తుడుచుకున్నాడు. “తప్పయింది. నిజం చెప్పిన కదా హెప్సీ. నౌకరీ పోయినా చెప్పిన.”

“మూడు రోజులు ఎందుకు చెప్పలేదు? నేను తలుపు వేశానో లేదో అని మూడు రోజులు చచ్చిపోయాను. నీకే ఫోన్ చేసి ఏడ్చాను. ఊఁ, ఊఁ అన్నావ్.”

బస్సు వచ్చి ఆగింది. లింబాద్రి ఆమె సూట్‌కేసు అందుకోబోయాడు. ఆమె పట్టు వదల్లేదు.

“నువ్వంటే ఇష్టం లేదని చెప్పను. అబద్ధమవుద్ది,” అంది. “కానీ నువ్వు ‘ఓకే’ అన్న ప్రతిదీ నేను మళ్ళీ తెరిచి చూసుకోవాలి. బతుకంతా అలా చూసుకుంటూ బతకలేను.”

“ఇంటికి పోయినంక ఫోన్ చెయ్యనా? ఒక్కసారి?”

“వద్దు. ఆవిడ పక్కన కూర్చున్నప్పుడు ఫోన్ మోగితే నా గుండె ఆగిపోద్ది.”

సూట్‌కేసు ఒక్కతే పైకి లాక్కుని ఎక్కింది. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా అవతలి వైపు వెళ్ళి కూర్చుంది. బస్సు కదిలింది.

పక్కనే ఇంకో బస్సు బయల్దేరబోతోంది. “యల్లా భాయ్, ఆనా హై?” అంటూ డ్రైవర్ ఎక్కుతావా అని అడిగాడు.

లింబాద్రి తల అడ్డంగా ఊపాడు. డ్రైవర్ తలుపు మూసుకుని వెళ్ళిపోయాడు.